పురుషోత్తం గారు ఎంచుకున్న రీలు

మొన్న మా వీధిలో ఇంటర్నెట్ తీగ లాగుతున్నారు. తీగ చుట్టిన పెద్ద చెక్కచక్రాన్ని ఇనపకడ్డీకి గుచ్చి రోడ్డు వార నిలబెట్టారు. స్తంభం దగ్గర ఒకతను కొస పట్టుకుని లాగుతుంటే చక్రం గిర్రున తిరుగుతోంది. అతను లాగడం ఆపినా చక్రం ఆగలేదు. తీగ వదులై, చుట్టలు చుట్టలుగా కిందపడి చిక్కుపడిపోయింది. "ఒరేయ్, దాని మీద చెయ్యి వెయ్యరా!" అని అరిచాడతను. రెండోవాడు పరిగెత్తుకొచ్చి చక్రం అంచుకి అరచెయ్యి ఆనించాడు. చర్మం చెక్కకు రాసుకునే ఆ బరబర చప్పుడు వినగానే, కాఫీ గ్లాసుతో గేటు దగ్గర నిలబడ్డ నాకు పురుషోత్తం గారు గుర్తొచ్చారు. కాఫీ చల్లారిపోయేదాకా అక్కడే ఉండిపోయాను.

ఆయన గురించి ఎవరికైనా చెప్పాలంటే నాకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. బంధువు కాదు. మా ఊరివాడు కాదు. గుంటూరు నుంచి ప్రత్తిపాడు వెళ్ళే దారిలో ఉన్న ఒక మిరపకాయల కోల్డ్ స్టోరేజీకి ఆయన మేనేజరు. కంప్యూటర్ కోర్సు పూర్తి చేసి, పెళ్ళి కుదిరేదాకా ఖాళీగా కూర్చోవడం ఎందుకని మా నాన్న ఒప్పుకుంటే, నేను అక్కడ కంప్యూటర్ ఆపరేటరుగా చేరాను. తొంభైల చివర మాట. చేరిన రోజు మధ్యాహ్నానికల్లా తుమ్మి తుమ్మి నా కళ్ళు వాచిపోయాయి. లోడు దిగుతున్న మిరపబస్తాల ఘాటు గోడల్లోంచి కూడా వస్తున్నట్టుండేది. పురుషోత్తం గారు తన గది గుమ్మంలో నిలబడి కాసేపు నన్ను చూసి, "ముక్కుతో పోట్లాడకమ్మా. కొన్నాళ్ళకి అదే ఊరుకుంటుంది" అన్నారు. పొడుగ్గా, బక్కగా, ఎప్పుడూ కుడిచెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని నడిచే మనిషి. ఏదైనా అడిగితే ముందు "నాకు తెలీదు, చూద్దాం" అనేవారు. మేనేజరు అలా అనడం నాకు వింతగా ఉండేది. తెలిసిన విషయాలకు కూడా అలాగే అనేవారని తర్వాత అర్థమైంది. ఎందుకనేవారో మాత్రం అర్థం కాలేదు.

ఒక సాయంత్రం బస్సు కోసం సంచీ సర్దుకుంటుంటే పిలిచారు.

"వసుంధరా, నువ్వు నెట్ సెంటరుకి వెళ్తుంటావటగా. అందులో రీలు దొరుకుతుందేమో చూస్తావా?"

"ఏ సినిమాది సార్?"

"సినిమాది కాదమ్మా. చేపది."

చేపల మీద తీసిన సినిమా అనుకున్నాను. మళ్ళీ అడిగితే బాగుండదని, ఆయన కాగితం ముక్క మీద రాసిచ్చిన రెండు ఇంగ్లీషు మాటలు పట్టుకుని అరండల్‌పేటలో నెట్ సెంటరుకి వెళ్ళాను. ఫ్లై రీల్. ఫ్లై అంటే ఈగ. రీలంటే చక్రం. ఈగ చక్రం! టైపు చేస్తే ఒక్కో బొమ్మా రావడానికి యుగం పట్టింది. చివరికి తెర మీద పైనుంచి కిందికి మెల్లగా దిగింది, చిల్లులు చిల్లులుగా ఉన్న ఒక గుండ్రటి వెండిరంగు వస్తువు. కుట్టుమిషన్ బాబిన్‌ని బాగా పెద్దది చేసినట్టుంది. పక్క సీటులో కుర్రాడెవరో తొంగిచూసి, "ఏంటండీ అది, స్కూటర్ పార్టా?" అన్నాడు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

మర్నాడు పురుషోత్తం గారు నా అయోమయం చూసి నవ్వి, తన కథ చెప్పారు. వయసులో ఉండగా ఆయన అండమాన్‌లో చేపల్ని గడ్డకట్టించే ఫ్యాక్టరీలో మెకానిక్‌గా పనిచేశారట. సొంత పడవ మీద తిరిగే ఒక విదేశీ ముసలాయన ఇంజను చెడిపోయి అక్కడ దిగబడిపోతే, ఈయన బాగుచేసి పెట్టారు. ఆ ముసలాయన ఈకలతో కట్టిన దొంగ ఈగని గాలానికి తగిలించి, పొడుగాటి సన్నటి బద్దతో చేపలు పట్టడం ఈయనకి నేర్పి, వెళ్తూ వెళ్తూ బద్దా రీలూ ఇచ్చిపోయాడు. గుంటూరు వచ్చాక కూడా వీలున్న ఆదివారమల్లా నిజాంపట్నం వైపు, సముద్రపు నీరు వచ్చే కాలవల్లోకి వెళ్ళి పండుగప్పల్ని పట్టేవారు. అక్కడివాళ్ళు దాన్ని 'కోడీక గాలం' అనేవాళ్ళట. క్రితం ఏడాది చేతికందినట్టే అంది ఒక పెద్ద పండుగప్ప పోయింది.

"రీలు పట్టేసిందమ్మా. పెద్ద చేప మొదట ఒక్క ఊపున పరిగెడుతుంది. అప్పుడు బ్రేకు మెత్తగా వదలాలి. మాది పాతదైపోయి, ఒక్క క్షణం పట్టేసి ఆ తర్వాత వదిలింది. ఆ ఒక్క క్షణానికే తాడు పుటుక్కుమంది."

"గట్టి తాడు వాడొచ్చుగా సార్?"

"గట్టి తాడైతే బద్ద విరుగుతుంది. గట్టి బద్దైతే గాలం సాగిపోతుంది. ఎక్కడో ఒకచోట మెత్తదనం ఉండాలి. అది రీల్లో ఉంటే మంచిది."

నాకు ఎక్కలేదని ఆయనకి తెలిసిపోయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక బద్ద తెచ్చి, మిరపకాయలు ఆరబోసే కళ్ళంలోకి నన్ను రమ్మన్నారు. తాడు కొస నా చేతికిచ్చి, "నువ్వు చేపవి. పరిగెత్తు" అన్నారు.

చెట్టంత ఆడపిల్లని, చున్నీ నడుముకి బిగించి ఎర్రటి మిరపకాయల రాశుల మధ్య పరిగెత్తాను. తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళు పనులాపి, "ఏందమ్మో ఈ చోద్యం!" అని పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆయన పాత రీలు అంచు మీద అరచేత్తో బ్రేకు వేస్తున్నారు. నేను వడిగా పోతే తాడు వస్తోంది, కానీ ఊరికే రావడం లేదు. ఆగితే ఊరుకోవడం లేదు, కొంచెం కొంచెంగా వెనక్కి లాక్కుంటోంది. నన్ను వదిలేస్తున్నారో పట్టుకుంటున్నారో తెలియడం లేదు. అటు గోడ దాకా వెళ్ళాననుకుని తలెత్తి చూస్తే కళ్ళం మధ్యలోనే ఉన్నాను. ఉన్నట్టుండి ఆయన చెయ్యి అదిరి, తాడు ఒక్కసారిగా వదులైపోయి, నేను మిరపకాయల్లో బోర్లాపడ్డాను. అందరూ మళ్ళీ నవ్వారు. ఆయన నవ్వలేదు. తన అరచేతిని చూసుకుంటూ నిలబడ్డారు. చేతికి దెబ్బ తగిలిందేమో అనుకున్నాను.

ఆ తర్వాత కొన్ని నెలలపాటు రీలు వెతకడం నా రెండో ఉద్యోగమైపోయింది. నెట్ సెంటరులో అచ్చు తీయించిన కాగితాలు పట్టుకొచ్చేదాన్ని, ఆయన కళ్ళద్దాలు సవరించుకుని చదివేవారు. చదివినకొద్దీ ఇద్దరికీ అయోమయం పెరిగేది. స్ప్రింగు మీద టకటకలాడే పాతకాలపు రీలు చాలని ఒకరు రాస్తారు. పెద్ద చేపకు అది బొమ్మలాటని ఇంకొకరు కొట్టిపారేస్తారు. చక్రానికి ఒరుసుకునే బెండుబిళ్ళ బ్రేకున్న రీలంత మెత్తగా ఏదీ తాడు వదలదని ఒకచోట ఉంటుంది. ఉప్పునీళ్ళూ ఇసకా దూరకుండా బ్రేకుకి పూర్తిగా మూత బిగించింది తప్ప ఇంకేదీ సముద్రానికి పనికిరాదని ఆ కిందనే ఉంటుంది. చక్రం మధ్యభాగం లావుగా ఉంటే ఒక్క చుట్టుకి ఎక్కువ తాడు వస్తుంది, చేప మనవైపు పరిగెత్తినప్పుడు అక్కరకొస్తుంది అంటారు. లావుగా ఉంటే అడుగున దాచుకునే పొడుగు తాడుకి చోటు చాలదు అని కూడా అంటారు.

నేను మాత్రం ఒక నిర్ణయానికి వచ్చేశాను. అన్నిటికంటే గట్టిగా ఆపేది, మూత బిగించింది. పట్టిక చూపించి గర్వంగా చెప్పాను.

"ఎంత గట్టిగా ఆపుతుందో రాశారు, బాగుంది" అన్నారాయన. "ఎంత మెత్తగా మొదలవుతుందో రాశారా?"

రాయలేదు. ఎంత వెతికినా ఎవరూ రాయలేదు.

"పైగా మూత బిగిస్తే లోపల చెడితే విప్పేదెట్లా? విప్పలేని మిషన్ని నేను నమ్మనమ్మా."

"ఇసక దూరితే ఎట్లా సార్?"

"శుభ్రం చేసుకోవాలి."

"మీరన్నట్టే బ్రేకు సగంలో పట్టేస్తే?"

"నాకు తెలీదు, చూద్దాం" అన్నారు. ఆ మాటతో నాకు ఒళ్ళు మండిపోయింది.

చివరికి సింగపూర్‌లో ఒక దుకాణానికి మెయిల్ రాశాం. ఆయన స్నేహితుడొకరు ఓడ మీద ఇంజనీరు, అక్కడినుంచి తేగలడు. దుకాణంవాళ్ళు మర్యాదగా జవాబిచ్చారు. రీలేదో చెప్పకుండా మమ్మల్నే ప్రశ్నలడిగారు. ఏ చేప? కాలవా, లోతు నీరా? ఏ చేత్తో చుడతారు? మొదటి రెండిటికీ ఆయన టక్కున చెప్పారు. మూడో దానికి ఆగిపోయారు. నేను రాసుకోవడానికి పెన్ను పట్టుకుని చూస్తున్నాను. ఆయన జేబులోంచి కుడిచెయ్యి తీసి బల్ల మీద పెట్టారు.

కంప్రెసర్ నడుస్తున్నప్పుడు పక్కనున్న గ్లాసులో నీళ్ళు వణికినట్టు ఆ చెయ్యి వణుకుతోంది. బొటనవేలూ చూపుడువేలూ ఏదో కనిపించని గింజని నలుపుతున్నట్టు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి.

"ఇదివరకు కుడిచేత్తో బద్ద పట్టుకుని ఎడమచేత్తో చుట్టేవాణ్ణి. ఇప్పుడు ఈ చేతిలో బద్ద నిలవదు. కుడిచేత్తో చుడతానని రాయి. ఎడమచేత్తో పట్టుకుంటాను."

"డాక్టరుకి చూపించుకున్నారా సార్?"

"చూపించాను. పెరిగేదే గానీ తగ్గేది కాదన్నారు."

ఎవరికీ చెప్పొద్దు అంటే నోరు మూసుకునేదాన్ని. ఓనరు గారికి నువ్వే మెల్లగా చెప్పు అంటే చెప్పేదాన్ని. ఆయన ఆ రెండిట్లో ఏదీ అనకుండా ఇంకో కాగితం తిరగేశారు. కోల్డ్ స్టోరేజీ నడిచేది అమ్మోనియా గ్యాసు మీద. ఏదైనా జరిగితే వాల్వులు కట్టాల్సిన మనుషులు ఇద్దరే. మిషన్ ఆపరేటరు కోటేశ్వరరావు, పురుషోత్తం గారు. చెబితే ఆయన ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఏ రోజు ఏమవుతుందో. చెప్పడం మంచిదా, ఊరుకోవడం మంచిదా? బస్సులో వస్తూ ఒకటనుకునేదాన్ని, దిగేటప్పటికి ఇంకోటి.

మర్నాటినుంచి ఆయన నన్ను మిషన్ రూములోకి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. "ఊరికే చూడు" అనేవారు. ఏ గొట్టంలో ఏం పోతుంది, ఏ మీటరులో ముల్లు ఎక్కడుండాలి, కంప్రెసర్ చప్పుడు మారితే ఎలా తెలుస్తుంది. ఒక్కో వాల్వు మీద నా చెయ్యి పెట్టించేవారు. "మొదటి చుట్టు నెమ్మది. లోపల ఏముందో నీ చేతికి తెలియనివ్వు." నాకు ఇదంతా ఎందుకు నేర్పుతున్నారని అడగలేదు. అడిగితే తెలీదంటారని భయం.

ఏప్రిల్‌లో ఒక మిట్టమధ్యాహ్నం, గదులన్నీ మిరపబస్తాలతో నిండిపోయి ఉండగా, అది జరిగింది. కోటేశ్వరరావు భోజనానికి వెళ్ళాడు. ముందు ముక్కులో సూదులు గుచ్చినట్టయింది. మిరపఘాటు కాదది. మిషన్ రూము తలుపు కిందనుంచి తెల్లటి పొగ బయటికి వస్తోంది. పురుషోత్తం గారు అప్పటికే వరండాలోకి పరిగెత్తి, తొడిమలు తీసే ఆడవాళ్ళని చూసి, "లేవండి! గాలికి ఎదురుగా పొండి! బస్తాలు వదిలెయ్యండి!" అని అరుస్తున్నారు. అంత గొంతు ఆయనకుందని నాకు తెలియదు. తువ్వాలు నీళ్ళలో ముంచి ముఖానికి చుట్టుకుని లోపలికి వెళ్ళారు.

గుమ్మంలోంచి చూశాను. వాల్వు చక్రాన్ని రెండు చేతులా పట్టుకున్నారు. చక్రం కదలడం లేదు. ఎడమచెయ్యి తిప్పబోతుంటే కుడిచెయ్యి అదిరి జారిపోతోంది. నేను చున్నీ తడిపి ముక్కుకి కట్టుకుని లోపలికి ఎలా వెళ్ళానో నాకు గుర్తులేదు. ఆయన పక్కకి తప్పుకున్నారు, వెనక్కి మాత్రం పోలేదు.

"ఎటు సార్? ఎటు తిప్పాలి?"

"కుడికి. నీ కుడికమ్మా! నెమ్మదిగా... పట్టు వదలకు. బెదరకు."

చిన్నప్పటినుంచీ నాది ఎడమచేతి వాటం. అన్నం తినేటప్పుడు నాయనమ్మ ఆ చేతి మీద గరిటెతో కొట్టి మాన్పించాలని చూసింది, బడిలో బెత్తంతో చూశారు. ఆ రోజు ఎడమచెయ్యే ముందుకెళ్ళింది. చక్రం కిర్రుమని, కొంచెం కదిలి, మళ్ళీ మొరాయించి, తర్వాత తిరిగింది. కళ్ళ నీళ్ళలో ఏమీ కనిపించడం లేదు. నా భుజానికి ఆయన భుజం ఆనుకుని ఉందని మాత్రం తెలుస్తోంది. పొగ పలచబడింది. బయటికొచ్చి కుళాయి కింద తల పెట్టి దగ్గుతూనే ఉన్నాం చాలాసేపు. ఎవరికీ ఏ ప్రమాదమూ జరగలేదు.

సాయంత్రం ఓనరు గారు వచ్చారు. పురుషోత్తం గారు ఎవరూ అడక్కముందే కుడిచెయ్యి ముందుకి చాపి చూపించారు.

"ఈ చెయ్యి పనిచేయదండి. వాల్వు కట్టింది ఈ అమ్మాయి."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమయ్యా?"

"చెబుదామనే రోజూ ఇంటినుంచి బయల్దేరేవాణ్ణండి."

ఓనరు గారు కోప్పడ్డారు, తర్వాత తల పట్టుకుని కూర్చున్నారు. చివరికి ఆయన్ని ఆ సీజను వరకూ ఉండమన్నారు. "నా తర్వాత మిషన్ రూములో ఈ అమ్మాయిని పెట్టండి" అంటే మాత్రం, "ఆడపిల్లని పెట్టానంటే నలుగురూ నవ్వరూ?" అన్నారు. "ఇవాళ నవ్వినవాళ్ళు ఎవరూ లేరండి" అన్నారు పురుషోత్తం గారు. ఓనరు గారు సరేనన్నారు.

మా నాన్న అనలేదు. "మిషన్లు తిప్పేదాన్ని ఎవడు చేసుకుంటాడే? రేపటినుంచి మానెయ్" అన్నాడు. నేను ఏడ్చాను. ఆ ఆదివారం పురుషోత్తం గారు మా ఊరొచ్చారు. ఈయన నా తరఫున మాట్లాడతారు, ఇద్దరికీ మాటా మాటా పెరుగుతుంది అని వంటింటి తలుపు వెనక చెవులు రిక్కించాను. ఆయన పత్తికి పట్టిన పురుగు గురించి అడిగారు. మిరపలో బొబ్బర తెగులు గురించి మాట్లాడారు. నాన్నతో కలిసి చేను చూసొచ్చారు. అమ్మ గోంగూర పచ్చడి వేస్తే ఎడమచేత్తో స్పూను పట్టుకుని తిన్నారు, కొంత కింద పడింది. నా ఊసెత్తకుండానే బస్సెక్కి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం నాన్న, "రేపు ఏ బస్సుకి పోతావ్?" అని అడిగాడు. చేను గట్టు మీద ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాన్న చనిపోయేదాకా నాకు చెప్పలేదు. పురుషోత్తం గారిని అడిగితే, "పురుగు మందు గురించే" అన్నారు.

రీలు వానలు తగ్గాక వచ్చింది. ఓడ స్నేహితుడు ఉన్ని మేజోడులో చుట్టి తెచ్చాడు. బెండుబిళ్ళ బ్రేకుది, విప్పడానికి వీలైంది. ఆయన మాటే నెగ్గింది. విప్పి చూపించమంటే, "నువ్వు విప్పు, నేను చెబుతాను" అన్నారు. మరలు తీసి, బిళ్ళకి నూనె రాసి, మళ్ళీ బిగించాను. అప్పుడే నాకు మొదటిసారి ఒక సందేహం వచ్చింది. ఒక్క మర కూడా తిప్పలేని చేయి ఉన్న మనిషి, విప్పుకునే రీలే కావాలని నాతో అన్ని నెలలు ఎందుకు వాదించాడు?

ఒక ఆదివారం తెల్లవారి నిజాంపట్నం వెళ్ళాం. ఆయన, ఆయన భార్య సీతమ్మ పిన్నిగారు, నేను. పడవ నాంచారయ్యది. మడచెట్ల మధ్య కాలవ బురదరంగులో మెల్లగా కదులుతోంది. పురుషోత్తం గారు ఎడమచేత్తో బద్ద పట్టుకుని తాడు విసిరారు. అలవాటు లేని చెయ్యి కదా, సగం సార్లు ఈక చెట్టుకి చిక్కుకునేది. నాంచారయ్య విసుక్కోకుండా పడవని అటు తోసి, విడిపించేవాడు. పిన్నిగారు గొడుగు వేసుకుని, "చేపలు చెట్ల మీద ఉంటాయటే అమ్మాయ్?" అని నన్నడిగారు.

పొద్దు పైకెక్కాక మడవేళ్ళ దగ్గర నీళ్ళు ఉబికాయి. బద్ద వంగింది. రీలు పాడింది. నేనింకో మాట వాడలేను. ఎక్కడా పట్టకుండా, అదరకుండా, సన్నగా ఒకే శ్రుతిలో పాడుతూ తాడు వదిలింది. ఆయన నావైపు చూశారు. ఆ ముఖంలో అంత సంతోషం నేను మళ్ళీ చూడలేదు. చేప దూరంగా గాల్లోకి లేచి, తలని అటూ ఇటూ విదిలించి పడింది. తర్వాత ఏమనుకుందో, తిరిగి పడవవైపే దూసుకొచ్చింది. తాడు వదులైపోతోంది. గబగబా చుట్టాలి. ఆయన కుడిచెయ్యి పిడి చుట్టూ తడుముకుంటోంది, తగులుతోంది, జారిపోతోంది.

"వసుంధరా, పట్టుకో."

"నాకు రాదు సార్!"

"నాకూ రావడం లేదు. పట్టుకో."

పట్టుకున్నాను. బద్ద నా ఎడమచేతిలో పుట్టినప్పటినుంచీ ఉన్నట్టు కూర్చుంది. కుడిచేత్తో చుట్టాను. ఆ తర్వాత ఆయన చెప్పినవన్నీ ఒకదానికొకటి పొంతనలేనివే. "చుట్టు, చుట్టు! ఆపు! ఇప్పుడు పోనీ. పోనివ్వమన్నానని వదిలేస్తావా? అదిగో లేస్తోంది, వంచు! దానికి తలవంచు!" చేప ఎగిరినప్పుడు బద్ద కొస వంచి తాడుని వదులు చెయ్యాలట. నాకు తెలియక నేనే తల వంచాను. పిన్నిగారు నవ్వాపుకోలేక గొడుగు నీళ్ళలో పడేసుకున్నారు. ఎంతసేపు పట్టిందో తెలియదు. భుజాలు మండిపోయాయి. చివరికి నాంచారయ్య వంగి చేతివలలోకి తీసుకుంటే, పడవ అడుగున వెండిలా మెరుస్తూ, ఎర్రటి కన్నుతో, నా చెయ్యంత పొడుగున పండుగప్ప.

"నీ చేప. ఉంచుదామా, వదులుదామా? నువ్వే చెప్పు" అన్నారు పురుషోత్తం గారు.

గెలిచినట్టూ ఉంది, ఏదో తప్పు చేసినట్టూ ఉంది. పిన్నిగారే తేల్చేశారు. "దాన్నేం అడుగుతారు, ఆకలేసినవాళ్ళని అడగండి. నాంచారయ్య ఇంట్లో చింతపండు నానబెట్టించి వచ్చాను."

పులుసు నాంచారయ్య ఇంటి అరుగు మీద తిన్నాం. తిరుగు ప్రయాణంలో, పొన్నూరు దాటాక, పిన్నిగారు కునుకు తీస్తుండగా అడిగేశాను.

"సార్, ఈ రీలు మీకోసమే ఎంచుకున్నారా? నాకోసమా?"

ఆయన కిటికీలోంచి వరిచేల వైపు చూశారు.

"మొదట నాకోసమే వసుంధరా. మధ్యలో ఎక్కడో..." అని ఆగి, "నాకు తెలీదమ్మా" అన్నారు.

చూద్దాం అనలేదు. మొదటిసారి ఆ రెండో మాట అనలేదు.

ఆ ఏడాది చివర ఆయన ఉద్యోగం మానుకున్నారు. మిషన్ రూము తాళాలు నాకిచ్చారు. తర్వాత నేను వేరే ప్లాంట్లు చూశాను, పెళ్ళి చేసుకున్నాను. మిషన్లు తిప్పేదాన్ని చేసుకునే మనిషి కూడా దొరికాడు. పురుషోత్తం గారి జబ్బు డాక్టరు చెప్పినట్టే పెరిగింది. చివరి ఏళ్ళలో మాట కూడా ముద్దగా వచ్చేది. వరండాలో కుర్చీలో కూర్చుని, చేతికి వ్యాయామమని ఆ రీలు పిడి పట్టుకుని మెల్లగా తిప్పుతుండేవారు. ఆయన పోయాక, నెలమాసికానికి వెళ్ళినప్పుడు, రీలు నాకిస్తారేమోనని లోపల ఎక్కడో ఆశపడ్డాను. పిన్నిగారు నా చూపు పసిగట్టారు. "అది అడక్కే. అది నాది" అన్నారు. ముందు మనసు చివుక్కుమంది. ఇంటికొచ్చేలోపు ఆవిడదే న్యాయమనిపించింది.

ఇప్పుడు ఏడాదికోసారి గుంటూరు వెళ్ళి దాన్ని విప్పి, తుడిచి, బెండుబిళ్ళకి నూనె రాసి, బ్రేకు వదులు చేసి పెట్టి వస్తాను. బిగించి ఉంచితే బిళ్ళ అణిగి పాడైపోతుంది. పిన్నిగారు పక్కన కూర్చుని చూస్తుంటారు. పోయినసారి, "అసలు ఆయన నీకేం నేర్పారే?" అని అడిగారు. చప్పున చెప్పబోయి ఆగిపోయాను. ప్లాంటు నడపడం అంటే సరిపోదు. చేపలు పట్టడం అంటే అబద్ధం, ఆ రోజు తర్వాత నేను మళ్ళీ పట్టలేదు. నన్ను తన పనికి వాడుకున్నారా, తన పనిని నాకు దారిగా ఇచ్చారా అన్నది కూడా ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను. రెండూ నిజమే కావచ్చు.

మా ప్లాంటులో కొత్తగా చేరిన పిల్లలు వాల్వు ముందు నిలబడి, "ఎంత తిప్పాలో కరెక్టుగా చెప్పండి మేడమ్" అంటారు. నాకు చెప్పడం రాదు. వాళ్ళ చెయ్యి చక్రం మీద పెట్టించి, మొదటి చుట్టు నెమ్మది అని చెప్పి, పక్కన నిలబడతాను. వాళ్ళ ముఖాల్లో అయోమయం కనిపిస్తుంది. నాకేం కంగారనిపించదు. ఆ అయోమయంలోనే నేనూ చాలాకాలం పనిచేశాను. అప్పుడు నా భుజానికి భుజం ఆనించి ఒక మనిషి నిలబడ్డాడు. ఆయన చెయ్యి వణుకుతూనే ఉండేది, కానీ ఆయన అక్కడినుంచి కదల్లేదు.